తగువు లేనిదే ముద్ద దిగదు

అమ్మ కుడి భుజంలో ఎముకనీ కండనీ కలిపి పట్టుకునే తాడులాంటిదొకటి ఉంటుందట, అది చిరిగిపోయింది. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాడు. దాన్ని కుట్టాలి, కుట్టాక చెయ్యి మెడకి వేలాడేసుకుని బుద్ధిగా కూర్చోవాలి, పిల్లికూనని కూడా ఎత్తకూడదు అన్నాడు. అమ్మ ఎత్తేది పిల్లికూనని కాదు, మా అన్నయ్యని. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్‌లోంచి బాత్రూమ్‌లోకి, మళ్ళీ మంచం మీదికి, రోజంతా ఇదే పని. వాడు సన్నగానే ఉంటాడు కానీ బాగా పొడుగు, ఎత్తితే తల ఒక దారి పడుతుంది, కాళ్ళు ఇంకో దారి పడతాయి.

అన్నయ్యని మా ఇంట్లో దొర అంటాం. పుట్టేటప్పుడు ఊపిరి సరిగ్గా అందలేదు, అందుకని కాళ్ళూ చేతులూ వాడి మాట వినవు, నోట మాట రాదు. కానీ అన్నీ అర్థమవుతాయి, కూర్చున్న చోటు నుంచే ఇల్లంతా ఏలుతాడు, వాడు కనుబొమ్మ ఎత్తితే నాన్న టీవీలో ఛానెల్ మార్చాల్సిందే. నన్నేమో రేడియో అంటారు. స్విచ్ లేని రేడియో అని నాన్న సవరణ.

అమ్మ ఆపరేషన్ అప్పటికే వాయిదా మీద వాయిదా పడుతూ వచ్చింది. కారణం ఎప్పుడూ ఒకటే, దొరని ఎవరు చూస్తారు. నేను పొద్దున్నే కళ్ళజోళ్ళ షాపుకి పోవాలి, నాన్న ప్రెస్సులో మెషీన్ నడపాలి, పైగా ఇద్దరం కలిసినా అమ్మలాగా తినిపించడం మావల్ల కాదు. ఈసారి డాక్టరు బొమ్మలేం గియ్యలేదు. "ఇంకా ఆలస్యం చేస్తే కుట్టడానికి కూడా ఏమీ మిగలదమ్మా, ఆ చెయ్యి ఇక పైకి లేవదు" అన్నాడు. హాస్పిటల్ వాళ్ళు ఇంకో ముక్క కలిపారు. ముందురోజు సాయంత్రంలోగా వస్తున్నామని ఫోన్ చేసి చెప్పాలి, చెప్పకపోతే ఆ వంతు ఇంకొకరికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో వాళ్ళే చెప్పలేరు.

అప్పుడు నేను విడిది గురించి చెప్పాను. విడిది అంటే దొరలాంటి వాళ్ళు కొన్నాళ్ళు వచ్చి ఉండే ఇల్లు, ఆ కొన్నాళ్ళూ ఇంట్లో చూసుకునేవాళ్ళు కాస్త నడుము వాల్చుకోవచ్చు, ఆపరేషన్ చేయించుకోవచ్చు, ఏమీ చెయ్యకుండా గోడకేసి చూస్తూ కూర్చోవచ్చు. నేను ముందే ఒంటరిగా వెళ్ళి అంతా చూసి వచ్చేశాను, గదులు, పరుపులు, వంటగది, ఆఖరికి తలుపుల్లో వీల్‌చైర్ పడుతుందో లేదో కూడా. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను.

అమ్మ విన్నది. "వాడేమన్నా సూట్‌కేసా, సామాన్ల గదిలో పెట్టి చీటీ తీసుకుని రావడానికి?" అంది.

"సూట్‌కేసయితే నయం, తిండి పెట్టక్కర్లేదు" అన్నాడు నాన్న.

"మీకు నవ్వులాటగా ఉంది. నా చేత్తో తప్ప ఇంకొకళ్ళ చేత్తో వాడు ముద్ద ముట్టడు. మీ చేత్తో ముట్టాడా? దీని చేత్తో ముట్టాడా?"

"ఎప్పుడైనా స్పూను మా చేతికిచ్చావా?"

"ఇచ్చాను. గిన్నె బోర్లించారు."

దొర ఇటు అమ్మనీ అటు నాన్ననీ చూస్తూ కూర్చున్నాడు, బంతి ఎటు పోతే తల అటు తిప్పే ప్రేక్షకుడిలా. చివరికి అమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆపరేషన్‌కి ముందు రెండ్రోజులు వాణ్ణి అక్కడ ఉంచి చూద్దాం, తిన్నాడా సరే, తినలేదా ఇంటికి తెచ్చేస్తా, భుజం గిజం జాన్తానై.

వెళ్ళే రోజు టాక్సీలో దారిపొడవునా అమ్మా నాన్నా పోట్లాడుకుంటూనే ఉన్నారు, దొర దిండు డిక్కీలో పెట్టడం తప్పా, ఒళ్ళో పెట్టుకోవడం తప్పా అని. టాక్సీ డ్రైవరు రెండుసార్లు అద్దంలోంచి చూశాడు. విడిది గేటు దగ్గర దిగగానే మాత్రం ఇద్దరూ బట్టలు సవరించుకున్నారు, ముఖాలు సవరించుకున్నారు, గొంతులు కూడా సవరించుకున్నారు. కొత్తవాళ్ళ ముందు మావాళ్ళు అలాగే ఉంటారు, ఇస్త్రీ చేసినట్టు.

పెద్ద సిస్టర్ అని అందరూ పిలిచే ఆవిడ ఆ ఇంటికి పెద్ద దిక్కు. నర్సుగా చాలా హాస్పిటళ్ళు తిరిగొచ్చిన మనిషి, ఏది అడిగినా నిదానంగా అడుగుతుంది, చెప్పేదాకా ఎదురుచూస్తుంది. దొర ఎలా పడుకుంటాడు, ఏ పక్కకి తిప్పాలి, ఏది నొప్పి, ఏది ఇష్టం అన్నీ అడిగింది, అన్నిటికీ అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"భోజనం దగ్గర ఎలా ఉంటాడు?" అంది పెద్ద సిస్టర్.

"మెత్తగా మెదిపి పెట్టాలండీ. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కిందికి ఉండాలి. అంతే."

"చుట్టుపక్కల ఎలా ఉండాలి? సందడి పడుతుందా?"

అమ్మ కొంగు సర్దుకుంది. "అబ్బే, మాది నెమ్మదైన ఇల్లండీ. గట్టిగా మాట్లాడుకోం. నిశ్శబ్దంగానే తినిపిస్తాను."

నేను నాన్న వంక చూశాను. ప్రెస్సులో మెషీన్ల చప్పుడు మధ్య పనిచేసి చేసి ఆయన గొంతు ఎదురింటి వాళ్ళకి అలారం గడియారం లాంటిది. ఆ మనిషి తల ఊపి, "అవునండీ" అన్నాడు, ఎంత మెల్లగా అంటే పెద్ద సిస్టర్ "ఏమన్నారు?" అని ముందుకి వంగాల్సొచ్చింది.

దొరని చూసుకునే పని పహిల్వాన్‌కి అప్పజెప్పారు. అది అక్కడివాళ్ళు పెట్టిన పేరు. ఇదివరకు గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాడట, గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. గొంతు మాత్రం దూదిలా ఉంటుంది. దొర ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నమస్తే బాబూ, మిమ్మల్ని పైకి లేపనా?" అని అడిగి, జవాబు కోసం వాడి కళ్ళలోకి చూశాడు. పైకప్పుకి పట్టాల మీద నడిచే లిఫ్టు ఒకటి ఉంది, దానికి గుడ్డ ఉయ్యాల తగిలించి మనిషిని మంచం మీంచి కుర్చీలోకి తేలిగ్గా దింపేస్తారు. దొర గాల్లో తేలుతూ కిందికి మమ్మల్ని చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. అమ్మ కుడి భుజం మీద ఎడమ చెయ్యి వేసుకుని అలా చూస్తూ ఉండిపోయింది. "ఇంత సుళువా" అంది, ఎవరితోనో తెలీదు.

ఇంటికొచ్చేశాం. ఫోన్ నంబరు నాదే ఇచ్చాను, ఏదైనా ఉంటే ముందు నాకే తెలియాలని.

ఉండనే ఉంది. మధ్యాహ్నం తినలేదు, కొత్త కదా అన్నారు. రాత్రి తినలేదు, రెండు గుక్కల నీళ్ళు తాగాడు, అలసిపోయుంటాడు అన్నారు. మర్నాడు పొద్దున్నా తినలేదు, ఈసారి పెద్ద సిస్టర్ కారణమేమీ చెప్పలేదు, ఒకసారి వచ్చి వెళ్ళగలవా అంది. షాపులో ఎవరి కళ్ళజోడు ఎవరికి పెట్టానో కూడా గుర్తులేదు, పరిగెత్తాను.

నన్ను భోజనాల గదిలోకి తీసుకెళ్ళారు. అంత శ్రద్ధగా ఏర్పాటు చేశారు పాపం. మిగతావాళ్ళని పక్కగదిలోకి పంపేశారు, కిటికీ తెర వేశారు, కుర్చీ కాళ్ళు గీసుకోకుండా కింద గుడ్డ పరిచారు, వంటగది తలుపు మూసేశారు. వంటావిడ గిన్నె తెచ్చి కాలివేళ్ళ మీద నడుస్తూ వెళ్ళిపోయింది. పహిల్వాన్ స్పూను పట్టుకుని దొర ఎదురుగా కూర్చున్నాడు, దొర పెదాలు బిగించి ఫ్యానుకేసి చూస్తున్నాడు. ఆ ఫ్యాను కూడా ఆపేసి ఉంది.

"నా వల్లేనేమో చెల్లెమ్మా" అన్నాడు పహిల్వాన్ గుసగుసగా. "ఇంత మనిషిని చూసి భయపడుతున్నాడేమో."

"వాడు దేనికీ భయపడడన్నా" అన్నాను నేను కూడా గుసగుసగానే, ఆ గదిలో అలాగే వస్తుంది. స్పూను నేను తీసుకున్నాను. దొర నా వంక చూశాడు. సినిమా ఎంతసేపటికీ మొదలవ్వకపోతే టికెట్ చింపేవాడి వంక చూస్తాం చూడండి, అలా చూసి మళ్ళీ ఫ్యాను వైపు తిరిగాడు.

పెద్ద సిస్టర్ నన్ను బయటికి పిలిచింది. "సాయంత్రం భోజనం దాకా చూస్తాను. తిండీ నీళ్ళూ లేకుండా మనిషిని ఉంచుకోకూడదమ్మా, వాడి ఒంటికి మంచిది కాదు. తినకపోతే మీరు తీసుకెళ్ళాలి."

"రేపే మా అమ్మ ఆపరేషనండీ."

"తెలుసు" అంది. ఆవిడ ముఖం చూస్తే ఆవిడకీ రాత్రి నిద్ర లేనట్టే ఉంది.

నాన్నకి ఫోన్ చేశాను. సెలవు పెట్టి ఇంట్లో అమ్మతో కలిసి హాస్పిటల్ బ్యాగు సర్దుతున్నాడు. "నాన్నా, అమ్మకి వినపడకుండా మాట్లాడు" అన్నాను మొదటే. "ఏంటీ, దొర తినట్లేదా?" అన్నాడు నాన్న. ఆయన మెల్లగా మాట్లాడటమంటే అదీ. వెనక అమ్మ చేతిలోంచి ఏదో కిందపడ్డ చప్పుడు వినిపించింది.

వాళ్ళొచ్చేసరికి పహిల్వాన్ గిన్నె మళ్ళీ వెచ్చబెట్టించి ఇంకోసారి ప్రయత్నిస్తున్నాడు. వరండా ఆ చివర నుంచే వాళ్ళ గొంతులు వినిపించాయి. కంగారులో ఇద్దరూ ఇస్త్రీ సంగతి మర్చిపోయారు.

"తాళంచెవి తీసుకున్నారా అని అడిగానా లేదా?"

"అడిగావు. తీసుకున్నానన్నాను. తీసుకున్నాను కూడా. ఇదిగో."

"అది ప్రెస్సులో బీరువాది."

"తాళంచెవే కదా."

"అయితే రాత్రికి వెళ్ళి ఆ బీరువాలో పడుకుందాం. మీరు పై అరలో పడుకోండి."

"లాగితే దానంతటదే తాళం పడుతుందని తెలిసీ అసలు తలుపు లాగింది ఎవరు?"

"లాగమంది ఎవరు?"

తలుపు తోసుకుని లోపలికొచ్చారు, అమ్మ కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు, నాన్న చేతిలో ఎందుకూ పనికిరాని ఆ తాళంచెవి. దొర చూపు ఫ్యాను మీంచి కిందికి దిగింది. కళ్ళు అమ్మ మీదికి, నాన్న మీదికి, మళ్ళీ అమ్మ మీదికి. ముక్కుతో ఒక్కసారి బుస్సుమని నవ్వాడు, నోరు తెరిచాడు, తెరిచినవాడు అలాగే ఉంచాడు.

పహిల్వాన్ స్పూను పట్టుకుని బిగుసుకుపోయాడు.

"అన్నా, పెట్టు" అన్నాను.

పెట్టాడు. దొర మింగాడు. అది చూసి అమ్మ మాట మధ్యలో ఆగిపోయింది, నాన్న కూడా ఆగిపోయాడు. గదంతా నిశ్శబ్దం అయిపోయింది, దొర నోరు టక్కున మూసుకుంది.

నాకు అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నాం, నేనెప్పుడూ దాన్ని తగువు అనుకోలేదు, భోజనం అనుకున్నాను. వీడికి భయమూ లేదు, బెంగా లేదు. బోరు కొట్టింది అంతే.

"ఆపకండి. పోట్లాడుకోండి" అన్నాను.

"నోర్ముయ్" అంది అమ్మ, పెద్ద సిస్టర్ వంక ఇబ్బందిగా చూస్తూ. "ఏం లేదండీ, ఏదో కంగారులో. మేమెప్పుడూ ఇలా…"

"ఎప్పుడూ ఇలాగేనండీ" అన్నాను నేను. "పొద్దున ఇలాగే, మధ్యాహ్నం ఇలాగే, రాత్రికి ఇంకొంచెం ఎక్కువ. వీడు పుట్టినప్పటి నుంచీ ఇది విననిదే అన్నం తిని ఎరగడు."

పెద్ద సిస్టర్ అమ్మనీ నాన్ననీ మార్చి మార్చి చూసింది. "నిశ్శబ్దంగా తినిపిస్తానన్నారు కదండీ."

"నలుగురిలో ఎలా చెప్పుకుంటామండీ" అంది అమ్మ, నేల చూస్తూ. "కొడుక్కి నంజుకోడానికి తగువు పెడతాననా."

పెద్ద సిస్టర్ పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది, నవ్వు ఆపుకోవడానికని నాకు గట్టి నమ్మకం. "సరే, కానివ్వండి" అంది.

"ఊరికే పోట్లాడమంటే ఎలా వస్తుందండీ" అన్నాడు నాన్న. "ఏదో ఒకటి ఉండాలి కదా."

"ఊరికేనా?" అంది అమ్మ. "స్టవ్ కట్టేశారా?"

"కట్టేశాను. కట్టేసి నీకు చూపించాను కూడా" అన్నాడు నాన్న. అంతే, ఇక చూడండి. స్టవ్ నుంచి స్టవ్ కొన్న షాపుకి వెళ్ళారు, అక్కడి నుంచి ఆ షాపు చూపించిన పిన్ని దగ్గరికి, పిన్ని మొగుడి కారు దగ్గరికి. దొర నోరు తెరుస్తున్నాడు, పహిల్వాన్ పెడుతున్నాడు, గిన్నెలో అడుగు కనిపించడం మొదలైంది. నాన్న "మీ వాళ్ళ కారుకి హారన్ తప్ప అన్నీ మోగుతాయి" అన్నాడు. దొర పగలబడ్డాడు, సరిగ్గా అప్పుడే పహిల్వాన్ స్పూను నోట్లో పెట్టాడు.

పొలమారింది. దొర ముఖం ఎర్రబడింది, మెడ వెనక్కి విరుచుకున్నాడు. పహిల్వాన్ లేచి నిలబడిపోయాడు. పెద్ద సిస్టర్ ఒక్క అంగలో వచ్చింది, కానీ అమ్మ అప్పటికే అక్కడుంది, ఎడమ చేత్తో దొర తలని ముందుకి వంచి పట్టుకుంది. "దగ్గు నాన్నా, దగ్గు, తొందరేం లేదు" అంటూ ఆగింది. దొర దగ్గాడు, ఇంకోసారి దగ్గాడు, ఊపిరి తీసుకున్నాడు. నోట్లోది గడ్డం మీదికి వచ్చేసింది. అమ్మ తుడిచింది.

"ఇదే నాకు భయం" అంది పెద్ద సిస్టర్, దొర గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి చూసి. "నవ్వుతూ మింగితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తినకపోతే ఒక ప్రమాదం, ఇలా తింటే ఇంకో ప్రమాదం. ఇలా అయితే నేను ఒప్పుకోలేను."

అక్కడ అమ్మ అనడానికి ఒక మాట ఉంది. నా చేత్తోనే తింటాడు, ఇంటికి తీసుకెళ్ళిపోతాను. ఆ మాట ఆవిడ నాలిక చివర దాకా వచ్చింది, నేను చూశాను. పహిల్వాన్ చేతిలోంచి స్పూను కూడా తీసుకుంది. ఎడమ చేత్తో తీసుకుంది, కుడి చెయ్యి లేవలేదు. లేవని ఆ చేతినే కాసేపు చూసుకుంది. తర్వాత స్పూను మళ్ళీ పహిల్వాన్‌కి ఇచ్చేసి, అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇటు చూడు బాబూ. తగువు ఎప్పుడూ పెట్టే మనిషి చేతిలో ఉండాలి. నువ్వొక మాట అను. వాడు నోరు తెరుస్తాడు. పెట్టు. పెట్టగానే ఈ వేలు ఎత్తు, అవతలివాళ్ళు నోరు ముయ్యాలి. ఇదిగో ఇక్కడ, గొంతు దగ్గర కదులుతుంది, అది పైకెళ్ళి కిందికి దిగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. దిగింది అనుకో, అప్పుడు వేలు దించు. జవాబు అప్పుడు రావాలి."

నాన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఆ వేలు అందుకా?" అన్నాడు. "నన్ను బెదిరిస్తున్నావనుకున్నాను."

"బెదిరించేది వేరే వేలు" అంది అమ్మ.

ఒకసారి చేసి చూపించారు. అమ్మ అనేది, పహిల్వాన్ పెట్టేవాడు, వేలు లేచేది. నాన్న జవాబు గొంతులో పెట్టుకుని బుగ్గలు ఉబ్బించుకుని ఆగేవాడు, దొర మింగేవాడు, వేలు దిగేది. పెద్ద సిస్టర్ గొంతు మీద వేళ్ళు పెట్టే చూసింది. గిన్నె అయిపోయేదాకా ఒక్క దగ్గు లేదు.

"బావుంది" అంది చివరికి. "కానీ మీరు రోజూ రాలేరు కదా. సాయంత్రం మావాళ్ళు తినిపించాలి, మీరు గదిలో ఉండకూడదు. అప్పుడు తింటే ఉంచుకుంటాను."

అసలు చిక్కు అక్కడొచ్చింది. పహిల్వాన్‌కి పోట్లాట రాదు. వంటావిడని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాం. ఆవిడకి విషయం చెప్పగానే కొంగు నడుముకి దోపింది. "ఇన్నాళ్ళకి మాట్లాడమన్నారు. ఇక్కడ గుసగుసలాడి గుసగుసలాడి నా గొంతు తుప్పు పట్టింది" అంది.

"నువ్వు మొదలెట్టన్నా" అన్నాను.

పహిల్వాన్ చాలాసేపు ఆలోచించాడు. "అక్కా, నువ్వు… అంత మంచిదానివి కాదు" అన్నాడు. అని, "ఊరికే అన్నాలే అక్కా" అని చేర్చాడు.

దొర అతని వంక జాలిగా చూశాడు.

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అలా కాదు తమ్ముడూ. తిట్టడం కాదిది. నీకు కడుపులో ఏదో ఒకటి ఉంటుంది, చిన్నదే, ఎప్పుడూ అడగలేనిది. అది అడుగు."

పహిల్వాన్ వేళ్ళు విరుచుకున్నాడు. వంటావిడ వంక చూశాడు, నేల వంక చూశాడు. "మాడిన అడుగు నాకే ఎందుకు పెడతావక్కా?" అన్నాడు. గొంతు ఇంకా దూదే, కానీ దూదిలో ఒక గింజ ఉంది.

వంటావిడ నిటారుగా అయింది. "ఏంటీ? నేను మాడబెడతానా?"

"అది కాదు. మాడుతుంది. మాడింది ప్రతిసారీ నాకే వస్తుంది."

"నీకైతే అరుగుతుందని పెట్టాను. ఆ ఒళ్ళు చూసి పెట్టాను."

"ఒళ్ళు పెద్దదైతే నాలిక ఉండదా?"

దొర కళ్ళు అటు నుంచి ఇటు తిరిగాయి. అబ్బా అనుకున్నాను నేను, రాజుకుంది.

సాయంత్రం భోజనానికి మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. తలుపుకి చిన్న అద్దం ఉంది, అందులోంచి నేను చూస్తున్నాను. అమ్మ చూడనంది, గోడవైపు తిరిగి బెంచీ మీద కూర్చుంది. నాన్న నిలబడలేక, కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు. హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యాల్సిన టైము దగ్గరపడుతోంది.

లోపలి నుంచి వంటావిడ గొంతు వచ్చింది. "మొన్న నీకు దాచి పెట్టిన పండు ఎవరు తిన్నారు?"

"దాచావా? చెప్పావా?"

"చెప్పి దాస్తారా ఎవరైనా?"

"ఏం చేస్తున్నాడే?" అంది అమ్మ గోడతోనే.

"చూస్తున్నాడు. నోరు తెరవలేదు."

అమ్మ ఎడమ చెయ్యి ఒళ్ళో పిడికిలి అయింది. లోపల పహిల్వాన్ ఏదో అన్నాడు, వినపడలేదు. వంటావిడ మాత్రం బల్ల మీద చరిచింది.

"తెరిచాడు" అన్నాను. "పెట్టాడు. వేలెత్తాడు. ఆవిడ ఆగింది. బుగ్గలు ఉబ్బించుకుంది అచ్చం నాన్నలాగా. మింగాడు. దించాడు."

"గొంతు చూసే దించాడా?"

"చూసే దించాడమ్మా. మళ్ళీ తెరిచాడు."

"ఎవరి పక్షం?"

"ఇంకెవరు, వంటావిడ పక్షం. ఆవిడన్నప్పుడల్లా పళ్ళు బయటపెడుతున్నాడు."

నేను చెబుతూనే ఉన్నాను, పెట్టాడు, ఆగాడు, మింగాడు, కొంచెం ఒలికింది, తుడిచాడు, మళ్ళీ పెట్టాడు. అమ్మ పిడికిలి ఒక్కో వేలూ విడిపోయింది. చివరికి పహిల్వాన్ గిన్నె ఎత్తి అద్దం వైపు వంచి చూపించాడు, అడుగు తెల్లగా మెరుస్తోంది. నాన్న గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్ము అన్నాడు, ఆ వరండాలో దుమ్ము వెతికినా దొరకదు.

అమ్మ సీసాలో నీళ్ళన్నీ తాగేసింది. "నాకు ఆకలేస్తోంది" అంది. అప్పుడు గుర్తొచ్చింది, నిన్న మధ్యాహ్నం నుంచీ ఆవిడ కూడా సరిగ్గా తినలేదు.

పెద్ద సిస్టర్ బయటికొచ్చి, "నిశ్చింతగా వెళ్ళిరండమ్మా" అంది. అమ్మ అక్కడే నిలబడి నా ఫోన్ తీసుకుని హాస్పిటల్‌కి తనే చేసింది. పేరు చెప్పింది, రేపు వస్తున్నానని చెప్పింది, అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, "లేదండీ, ఈసారి తప్పకుండా" అంది.

వెళ్ళే ముందు దొర దగ్గరికి వెళ్ళింది. పహిల్వాన్ వాడి మూతి తుడుస్తుంటే వంటావిడ ఇంకా మానలేదు, తడిగుడ్డ ఎవరు పోగొట్టారో తేల్చాల్సిందే అంటోంది, భోజనం అయిపోయిందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. అమ్మ వంగి దొర నుదుటి మీద జుట్టు వెనక్కి దువ్వింది. వాడు అమ్మ వంక చూసి, నవ్వి, కనుబొమ్మ ఎత్తి, తల కొద్దిగా పక్కకి వంచాడు. అమ్మ అడ్డు వస్తోంది, వెనకాల వంటావిడ కనిపించట్లేదు.

"పొమ్మంటున్నాడు చూశారా" అంది అమ్మ నాన్నతో. ముఖంలో రెండూ ఉన్నాయి, చిన్నబుచ్చుకోవడమూ ఉంది, పెద్ద బరువు దించినట్టూ ఉంది. ఏది ఎంత పాలో ఆవిడే చెప్పాలి.

దారిలో ఒక చిన్న హోటల్లో తిన్నాం. అమ్మ ఎడమ చేత్తో తింది, రెండోసారి పెట్టించుకుంది కూడా. మాటామంతీ లేకుండా తింటుంటే పక్క బల్లవాళ్ళు మమ్మల్ని మంచి కుటుంబం అనుకుని ఉంటారు. తాళం తీసేవాణ్ణి ఫోన్ చేసి పిలిపించాం, మేం ఇల్లు చేరేసరికి వస్తానన్నాడు. బస్సెక్కాం. అమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది, బస్సు మలుపు తిరగకముందే తల నాన్న భుజం మీదికి వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. దొర మంచం పక్కన ఆవిడ నిద్రపోవడం నేను ఎన్నోసార్లు చూశాను, అది ఒక చెవి మేలుకుని ఉండే నిద్ర. ఇది అది కాదు. బ్రేకు పడితే కూడా కదల్లేదు.

మా స్టాపు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. నాన్న కదల్లేదు, కూర్చోమన్నట్టు చూశాడు. తలుపులు మూసుకున్నాయి, బస్సు కదిలింది, మా వీధి, మూసిన షాపులు, మా ఇంటి ముందు పనిముట్ల సంచీతో నిలబడ్డ తాళాలవాడు, అన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి.

కండక్టరు వచ్చాడు. "మీ స్టాపు దాటిపోయింది కదండీ."

"తెలుసు బాబూ" అన్నాడు నాన్న. "డిపో దాకా కొట్టు. ముగ్గురికి. మళ్ళీ ఇదే బస్సు వెనక్కి వస్తుంది కదా?"